సుత్తి డాక్టరుగారి సంక్రాంతి

సంక్రాంతికి కోనసీమలో బస్సు దిగే ఫైనలియర్ మెడికోని గుర్తుపట్టడం కష్టం కాదు. అందరి సంచుల్లోనూ కొత్త బట్టలుంటాయి. ఇతగాడి సంచిలోంచి రిఫ్లెక్స్ హ్యామరు తల బయటికి తొంగిచూస్తుంటుంది. 1888లో ఫిలడెల్ఫియాలో టేలర్ అనే డాక్టరు తయారుచేసిన త్రికోణపు రబ్బరు సుత్తి అది. 1958లో మొదలైన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ ఇలాంటి సుత్తిధారుల్ని ఏటా ఊళ్ల మీదికి వదులుతూనే ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. చేతులకి న్యూరలాజికల్ ఎగ్జామినేషన్ చెయ్యమంటే తడుముకోకూడదు. ముందు చూపు, తర్వాత టోను, పవరు, రిఫ్లెక్సులు, కోఆర్డినేషను, చివర స్పర్శ. వరస నోటికొచ్చేసింది. ఇక కావలసినవి చేతులే, అవి ఊరినిండా ఉన్నాయి.

మొదటి బలి తాతగారు. టోను చూడాలంటే రోగి చెయ్యి పూర్తిగా వదిలెయ్యాలి, డాక్టరే దాన్ని మడిచి చాపాలి. పార్కిన్సన్స్ ఉంటే చెయ్యి పళ్లచక్రంలా టకటకా ఆగుతూ కదులుతుంది. తాతగారి చెయ్యి మనవడు ముట్టుకునేలోపే తనంతట తనే లేస్తుంది.

"వదిలెయ్యండి తాతగారూ!"

"వదిలేశాన్రా. నీకు శ్రమెందుకని కాస్త సాయం పడుతున్నానంతే."

బైసెప్స్ టెండన్ మీద బొటనవేలు పెట్టి, ఆ వేలి మీద సుత్తితో కొడితే మెడలోని సీ5, సీ6 నుంచి జవాబు రావాలి. రాలేదు. దీనికి హంగేరీ డాక్టరు జెండ్రాసిక్ పేరుతో ఓ చిట్కా ఉంది. చేతుల విషయంలోనైతే రోగిని పళ్లు బిగపట్టమని, అదే క్షణంలో కొట్టాలి.

"బిగపట్టడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, పళ్లు గూట్లో గ్లాసులో ఉన్నాయి, తెచ్చిపెట్టు."

పవరు దగ్గర వ్యవహారం ఇంకా ముదిరింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఖాయం చేసిన 0 నుంచి 5 దాకా మార్కులున్నాయి. కండరం అసలు కదలకపోతే 0, చేతిని తన బరువుకి ఎదురు లేపగలిగితే 3, డాక్టరు ఎంత అడ్డుపడ్డా నిలబడితే 5. పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్న మనిషిని పిలిచి, మోచెయ్యి మడిచి గట్టిగా లాగమన్నాడు.

"తవరి మీద బలం చూపించమంటారాండి? తప్పండి బాబూ!"

పొద్దుటినుంచి గునపం మీద కాయలు చీల్చిన ఆ చేతికి మన మెడికో 4 వేశాడు. గోదావరి మర్యాదకి ఆ స్కేలులో గడి లేదు మరి! ఈసారి తీరిగ్గా ఉపన్యాసం మొదలెట్టాడు. ఈ బలమంతా ఏటీపీ మహిమ, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి కండరాల్లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929లో ఏటీపీనీ పట్టుకున్నారు, అని.

"భీమారం వారేనాండి? మా ఆడోళ్లదీ భీమారవేనండి. ఆయ్, అయితే లాగుతానండి."

లాగాడు. డాక్టరుగారు వెళ్లి పీచుకుప్పలో పడ్డారు. కుడిచేతికి 5. రెండోవైపు పోల్చి చూడాలి గనక ఎడమచెయ్యి అడిగితే, ఎడమచెయ్యి ఎలా ఇత్తావండి, అని వెనక్కి దాచుకున్నాడు.

ఇంటికి పూతరేకులు తెచ్చిన ఆత్రేయపురం ఆవిడ స్పర్శ విభాగానికి చిక్కింది. కళ్లు మూసుకోమని దూదిపోగు తాకించాలి, మధ్యమధ్య తాకించకుండానే అడిగి నిజం తేల్చాలి. ఆవిడ తాకించినా, తాకించకపోయినా "ఆయ్, తెలిసిందండి" అంది. అబ్బాయిగారు అంత కష్టపడి అడుగుతుంటే లేదని ఎలా అనడం? వేడినీళ్ల సీసా ఆనిస్తే మాత్రం నిజాయితీగా పెదవి విరిచింది. "ఈ సెగకి రేకు లేవదండి."

చేతులు ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకోమంటే, బలహీనమైన చెయ్యి లోపలికి తిరుగుతూ మెల్లగా కిందికి జారుతుంది. బామ్మగారి చేతులు ఇంచీ కదల్లేదు. చాలాసేపయ్యాక, "తీర్థం అయిపోయిందేమిట్రా?" అన్నారు.

ఇంతటివాడికీ ఒక రోజు వస్తుంది. భోగి రాత్రి పేకాటాడి, కాస్త పుచ్చుకుని, కుర్చీ వీపు మీద చెయ్యి వేలాడేసి నిద్రపోయిన పెదనాన్నకి తెల్లారేసరికి కుడి మణికట్టు వాలిపోయింది. పక్షవాతమని ఇల్లంతా ఏడుపులు. మెడికో వరస తప్పకుండా చూశాడు. మూతి వంకర పోలేదు, మాట తడబడలేదు, కాలు బాగుంది, మోచెయ్యి చాపుతున్నాడు, ట్రైసెప్స్ ఎగురుతోంది. మణికట్టూ వేళ్లే పైకి లేవవు, బొటనవేలి వెనక కాస్త తిమ్మిరి. భుజానికీ మోచేతికీ మధ్య రేడియల్ నరం కుర్చీకి నొక్కుకుపోయింది, వారాల్లో దానంతటదే వస్తుందన్నాడు. అమలాపురంలో పెద్ద డాక్టరూ అదే మాటన్నాడు.

అలాగే వచ్చింది. ఆ మధ్యలో ఊళ్లో ఆర్‌ఎంపీగారు రెండు బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు పొడిచారు. ఇప్పుడు పెదనాన్న అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది ఒకటే: "మావాడి సుత్తిదెబ్బలకి పడిపోయిన చెయ్యండీ, ఆర్‌ఎంపీగారి సూదితో లేచింది."