కిటికీ రెక్క వెనక కాపురం

సన్నటి నడుమును మెచ్చుకునేవాళ్లు, దాంతో బతకాల్సిన వాళ్లను ఒక్కసారైనా అడిగి చూడాలి. నేను కందిరీగను. నా నడుము ఎంత సన్నమంటే గట్టి ముద్ద ఏదీ అందులోంచి పొట్టలోకి దిగదు. పురుగును పట్టి, నమిలి, ఉండ చేసి ఇంటికి తెస్తాను గానీ మింగలేను. ఆ ఉండ తుట్టె అరల్లో ఉన్న చెల్లెళ్లకు. వాటికి కాళ్లు లేవు, రెక్కలు లేవు, ఉన్నదల్లా నోరే. అవి తిన్నాక నోటి నుంచి వదిలే చుక్క మేం తాగుతాం. పూల తేనె, కాకి కొట్టిన జామపండు రసం దొరికితే అది పండగ.

మా కాపురం మిర్యాలగూడలో, సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే పొలాలకు ఆనుకున్న ఒక కాలనీలో. ఇంటాయన సూర్యాపేటలో, కోదాడలో జువాలజీ చెప్పి రిటైరైన లెక్చరర్. వీధంతా ఆయన్ని జువాలజీ సార్ అంటుంది. ఆయన చదువుకునే గది కిటికీకి ఒక రెక్క బిగుసుకుపోయి సగమే తెరుచుకుంటుంది. ఆ రెక్కకూ గోడకూ మధ్య సందులో మా తుట్టె వేలాడేది. సార్‌కు పేపరైనా పుస్తకమైనా పైకి చదివే అలవాటు, ఎదురుగా మనవడున్నా లేకపోయినా. నా లోకజ్ఞానమంతా ఆ కిటికీలోంచి వచ్చిందే. తప్పులుంటే ఆయన్ని అడగండి.

సందులోనే ఎందుకంటే, మాకూ ఒక యముడున్నాడు. అదీ కందిరీగే, ఒళ్లు మాకు రెండింతలు. నల్లటి మేను, పొట్ట మీద పసుపు పట్టీ. ఆ పెద్ద కందిరీగ వచ్చి తుట్టె మీద వాలితే మేం ఎదురు తిరగలేం, పక్కకు తప్పుకుంటాం. అది తాపీగా ఒక్కో అరలోంచి పిల్లను లాగి నమిలి పట్టుకుపోతుంది. ఇరుకు సందుల్లోకి మాత్రం దానికి దారి దొరకదు. అందుకే మనుషుల కిటికీలు, కరెంటు మీటరు పెట్టెలు, వాడకుండా పడేసిన పైపులు మాకు కోటలు. మీ గుమ్మానికి ఇంత దగ్గరగా వచ్చామంటే మీ మీద ప్రేమ ఏమీ లేదు, ఆ పసుపు పట్టీ భయం.

ఇల్లు కట్టేది కాగితంతో. పెరటి దడి వెదురును, ఎండి పగుళ్లు పట్టిన గేటు చెక్కను దవడలతో గీకి, పీచు తీసి, లాలాజలంతో మెదిపి పలచగా పరుస్తాం. ఆరితే బూడిద రంగు కాగితం. మీరేమో అప్పట్లో పాత గుడ్డ పేలికలు ఏరుకొచ్చి కాగితం చేసుకునేవాళ్లట. 1719లో రియమూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కందిరీగల తుట్టెలు చూసి, చెక్కతోనూ కాగితం చేయొచ్చు కదా అని అక్కడి అకాడమీ వాళ్లకు చెప్పాడు. ఆ మాట చెవికెక్కడానికి మీకు వందేళ్లు పైనే పట్టింది. ఇక తుట్టె మొత్తం ఒక సన్నటి కాడ మీద వేలాడుతుంది. ఆ కాడకు మా పొట్ట కింది నుంచి వచ్చే ద్రవం పూస్తుంటాం, చీమలు దాటకుండా. పసుపు పట్టీ రోజూ రాదు గానీ చీమ రాని రోజు ఉండదు.

మా జాతికి బెంగళూరులో ఒక చరిత్రకారుడు ఉన్నాడు. రాఘవేంద్ర గదగ్‌కర్. చదువుకునే రోజుల్లో సెంట్రల్ కాలేజీ కిటికీల దగ్గర మా తుట్టెలు చూసి అంటుకున్న పిచ్చి, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరాక కూడా వదల్లేదు. ఒక్కోదానికి ఒక్కో రంగు చుక్క పెట్టి ఎవరేం చేస్తున్నారో రాసుకున్నాడు. 2001లో హార్వర్డ్ వాళ్లు మా మీద ఆయన రాసిన పుస్తకం వేశారు. సార్ బీరువాలో దాని జిరాక్సు ఉంది. ఆ లెక్క ప్రకారం మాలో మూడు రకాలు: కూర్చునేవాళ్లు, కొట్లాడేవాళ్లు, తిరిగేవాళ్లు. నేను తిరిగేదాన్ని. మరి రాణి? ఆమె కూర్చునే బాపతు. చూపులకు మాలాగే ఉంటుంది, కిరీటం లేదు, పెత్తనం లేదు, ఎవరినీ ఒక దెబ్బ కొట్టదు. పొట్టను తుట్టెకు రాస్తూ నడుస్తుంది. ఆ వాసన ఉన్నంతకాలం రాణి ఉన్నట్టే, మాలో ఎవరికీ గుడ్లు పెట్టాలన్న ఆలోచన రాదు. ఆమె పోతే తర్వాత ఎవరన్నది ముందుగా పైవాళ్లెవరూ పసిగట్టలేరు. గదగ్‌కర్ గారి శిష్యులు ఎన్నేళ్లు చూసినా ఆ వారసురాలిని మొహం చూసి గుర్తుపట్టలేకపోయారు. మాలో మాకు మాత్రం తెలుస్తుంది. గొడవ లేకుండా తేలిపోతుంది.

నా పని పెరట్లో. నిమ్మ ఒకటి, బత్తాయి రెండు, కరివేపాకు, చిక్కుడు పందిరి, మిరప మడి. నల్లగొండ బత్తాయి, నకిరేకల్ నిమ్మ అని పేరున్న చోట ఆ చెట్లు లేని పెరడు ఉంటుందా? వాటి చిగుళ్ల మీద నలుపూ పసుపూ కలిసిన సీతాకోకచిలుక ఒకటొచ్చి ఒక్కో ఆకుకు ఒక్కో గుడ్డు అతికించిపోతుంది. పిల్ల పురుగు పిట్ట రెట్టలాగే కనపడుతుంది, మనుషులెవరూ పట్టించుకోరు. నన్ను మోసం చేయడం అంత తేలిక కాదు. ఆకు అంచుల మీద నడుస్తూ మీసాలతో తడుముతాను. రెట్ట మెత్తగా కదిలిందంటే అది నా చెల్లెలి అన్నం. చిక్కుడు పందిట్లో కాయ తొలిచే పురుగు, మిరపలో పచ్చ పురుగు కూడా అంతే. సార్ ఇదంతా కుర్చీ వేసుకుని చూస్తాడు.

చూసి ఒక మాట అంటాడు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. "చూడరా, ఇవి మిత్ర పురుగులు." వ్యవసాయం వాళ్ల పుస్తకాల్లో అలాగే ఉంటుందట, ఒక వరస మిత్రులు, ఒక వరస శత్రువులు. నేను ఎవరికి మిత్రురాలిని? ఆ సీతాకోకచిలుక రేపు రంగులు విప్పుకుని వస్తే మనవడు చప్పట్లు కొట్టేవాడు. దాన్ని పిల్లగా ఉన్నప్పుడే ముక్కలు చేసింది నేనే. నాకు తెలిసింది ఆకలి. అది మీ బత్తాయికి కలిసొచ్చింది, అంతే. రేపు మీ చేతిలో జామపండు ముక్క ఉంటే దాని మీదా వాలతాను.

నాకన్నా మీకు ఎక్కువ పనికొచ్చిన చుట్టాలు మాలో చాలామంది ఉన్నారు, వాళ్ల పేరు మాత్రం మీ నోట రాదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ నేలంతా వరి అయింది. వరి వచ్చింది, మిల్లులొచ్చాయి, వాటి వెనకే కాండం తొలిచే పురుగూ ఆకుముడతా వచ్చాయి. వాటి గుడ్లలోనే గుడ్డు పెట్టేసే కందిరీగ ఒకటుంది. చుక్కంత కూడా ఉండదు, పేరు ట్రైకోగ్రామా. దాన్ని అట్టముక్కల మీద పెంచి ట్రైకోకార్డులని పొలాల్లో కడతారు. వేమన మేడిపండు పొట్టలో చూసిన పురుగులున్నాయే, అవీ మా చుట్టాలే. మేడి పువ్వు కాయ లోపలే పూస్తుంది. చిన్న సందు గుండా దూరి పుప్పొడి మోసేది ఆ బుల్లి కందిరీగలే. అవి లేకపోతే మేడిచెట్టుకు గింజ కట్టదు. మర్రిదీ ఇదే కథ. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి ఊరుంది, 1208లో కట్టిన ఎరకేశ్వరాలయం ఉంది. సార్ అక్కడ పనిచేసినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లేవాడు. గుడి శిల్పాలు చూపించమంటే మర్రికాయలు కోసి చూపించేవాడట. మర్రి జాతిలో ఒక్కో రకం చెట్టుకూ దాని సొంత కందిరీగ ఉంటుంది.

ఆఫ్రికాలో కర్రపెండలం పంటను పిండినల్లి నాశనం చేస్తుంటే, దక్షిణ అమెరికా నుంచి ఒక చిన్న కందిరీగను తెచ్చి 1981లో నైజీరియాలో మొదట వదిలారు. ఆ పని నడిపించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. కందిరీగకు ఏమీ రాలేదు. 1986లో ఇండోనేసియా ప్రభుత్వం వరిమీద కొట్టే 57 రకాల మందుల్ని ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. వరిని పట్టే సుడిదోమ చావడానికి కొట్టిన మందు, దోమను తినే సాలీళ్లనూ మా బుల్లి చుట్టాలనూ చంపి, చివరికి దోమనే పెంచుతోందని తేలాక. ఆ పేజీ చదివేటప్పుడు సార్ గొంతు పెరుగుతుంది. పక్క పొలంలో మందు కొట్టే పంపు శబ్దం వినపడుతుంటుంది, అందుకేనేమో.

గొడవ మొదలైంది వానాకాలంలో. తుట్టె పెరిగి రెక్క అంచు దాటింది. కిటికీ కిందే కుళాయి. మనవడు బంతి కోసం అక్కడికే వస్తాడు. ఒక సాయంత్రం బంతి వచ్చి రెక్కకు తగిలింది. తుట్టె అదిరితే మాకు ఆలోచన ఉండదు, నిజం చెబుతున్నా. పెరట్లో ఒంటరిగా తిరిగే కందిరీగ చెయ్యి విదిలిస్తే పారిపోతుంది. ఇంటి గడప అదిరితే అదే కందిరీగ వేరే ప్రాణి. మా అక్క ఒకతి పిల్లాడి చెవి దగ్గర కుట్టింది. కుట్టేది ఆడవాళ్లమే. తేనెటీగకు ముల్లు ఊడి చస్తుంది, మా ముల్లు ఊడదు, కుట్టిందే మళ్లీ కుట్టొచ్చు. నాయనమ్మ సున్నం రాసింది, ఇనుప గంటె రుద్దింది. సార్ మాత్రం పిల్లాడి పెదాలు ఉబ్బుతున్నాయా, ఊపిరి ఆడుతోందా అని గంటసేపు పక్కనే కూర్చున్నాడు. కొందరికి ఒక్క కాటే ప్రాణం మీదికి తెస్తుందనీ, అప్పుడు సున్నాలూ ఉల్లిపాయలూ అంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలనీ ఆయనకు తెలుసు. ఏమీ కాలేదు, వాపొచ్చి తగ్గింది.

"ఏందండీ, రోజూ పాఠాలు చెప్తరు గని, ఇంకోపాలి కుడితె ఎవలు జవాబు?" అంది నాయనమ్మ.

"దాని జోలికి పోకుంటే అది రాదు."

"ఏడేండ్ల పిల్లగానికి జోలికి పోవద్దంటె ఆగుతడా?"

దీనికి జువాలజీలో జవాబు లేదు. ఎదురింట్లో ఉండే రైస్‌మిల్లు గుమస్తా గోడ మీంచి తొంగిచూశాడు. "సార్, మీరు ఊ అనుర్రి. కట్టెకు గుడ్డ చుట్టి ఇంత కిర్సనాయిలు పోసి అంటిస్త. రెండు నిమిషాల పని."

అప్పుడు సార్ కోదాడ సంగతి చెప్పాడు. ఇలాగే మంట పెట్టి, చూరు కింద తుట్టెతో పాటు పక్కనున్న గడ్డివామునూ కాల్చుకున్న ఇల్లు. ఇంకొకటి కూడా చెప్పాడు. తాటిచెట్టు మొవ్వులో పెద్ద కందిరీగలు తుట్టె పెట్టినది చూడక ఎక్కిన గౌడు. కింద ఉన్నవాడు పరిగెత్తొచ్చు. మోకు నడుముకు, గుజి కాళ్లకు ఉన్నవాడు చేతులు విదిలించుకోలేడు, దూకలేడు. మెల్లగా ఒక్కో అడుగూ దిగాలి, కుడుతుంటేనే దిగాలి. అలాంటి తుట్టె ఉంటే మిత్రులూ చుట్టాలూ అని చూడొద్దు, తీయించాల్సిందే, అదీ తెలిసినవాళ్లతోనే అన్నాడు. నాకు కోపం రాలేదు. పసుపు పట్టీ వాళ్ల కోసం నేను ఏడవను.

మా విషయంలో ఆయన తేల్చిన లెక్క ఇది: చిక్కుడు పందిరి అవతల, గోడ మూల, మనిషి చెయ్యి తగలని చోట తుట్టె ఉంటే దాన్ని ఉండనివ్వాలి. నడిచే దారిలో, పిల్లల చేతికందే ఎత్తులో ఉంటే తీసేయాలి. చిన్నగా గోలీకాయంత ఉన్నప్పుడే తీసేస్తే ఎవరికీ బాధ లేదు, ఇంకెక్కడో కట్టుకుంటాం. ఇంత పెరిగాక రాత్రిపూట, మంటతో కాదు, సబ్బు నీళ్లతో. సబ్బు నీళ్లు మా పక్కల్లో ఉన్న ఊపిరి రంధ్రాల్లోకి దిగిపోతాయి. ఈ కిటుకు నేను మీకు చెప్పకూడదు. కానీ మంట కంటే నయం, మందు కొట్టి కుళాయి కింది బిందెల్లో కలపడం కంటే ఇంకా నయం.

ఆ లెక్క మా మీద అమలైన రోజు నేను బత్తాయి దగ్గర ఉండగా వాన పట్టుకుంది. ఆకు కింద ముడుచుకుని రాత్రంతా అక్కడే ఉండిపోయాను. తెల్లారి వచ్చేసరికి సందు ఖాళీ. రెక్క పూర్తిగా తెరిచి ఉంది. తుట్టె అడ్డం పోయాక సార్ దానికి నూనె పోయించాడట, ఎన్నేళ్లకో గదిలోకి గాలొచ్చిందని సంబరపడుతున్నాడు. రాణి లేదు. తప్పించుకున్న మరో నలుగురు అక్కలు గోడ మీద నడుస్తూ పాత వాసన కోసం వెతుకుతున్నారు.

చిక్కుడు పందిరి వెనక పాత బోరు పైపు ఒకటి గోడకు ఆనించి ఉంది. అందులో దూరాం. అప్పటిదాకా రోజంతా కూర్చోవడం తప్ప ఏమీ చేయని ఒక అక్క ఉన్నట్టుండి మా మీద పడింది. తల మీద కొట్టడం, కాలు పట్టి లాగడం, వెంటపడటం. మేం ఎదురుచెప్పలేదు. ఎవరో తేలిపోయిందని అర్థమైంది. కాడ కట్టి, రెండు మూడు అరలు లేపేదాకా ఆ కోపం ఉంది. మొదటి గుడ్డు పడ్డాక తగ్గింది. ఇప్పుడు ఆమె కూడా కూర్చునే బాపతే.

మనవడు పైపును చూశాడు. వెంటనే నాయనమ్మకు చెప్పాడు. ఆమె వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, పైపు ముందు రెండు ఇటుకలు పేర్చి, "ఇటు బంతి ఆడకు" అని ఒక్క మాట అని కరివేపాకు కోసుకుని వెళ్లిపోయింది. కరివేపాకు రెమ్మ మీద ఒక పిట్ట రెట్ట కదిలింది. నాకు పనుంది.