ఆఫ్ చేసి ఆన్ చెయ్యి తాతా

మా నెల్లూరు పిల్లకాయలకి ఇప్పుడు తెలిసిన వైద్యం ఒక్కటే. ఫోను మొరాయిస్తే ఆఫ్ చేసి ఆన్ చెయ్యి. టీవీలో బొమ్మ ఆగిపోతే ఆఫ్ చేసి ఆన్ చెయ్యి. అది పనిచేస్తుంది, కాదనను. పనిచేస్తోంది కాబట్టే అసలేం చెడిందని అడిగేవాడు లేకుండా పోయాడు.

మా రోజుల్లో, అంటే నేను టెలిఫోన్ శాఖలో స్తంభాలెక్కిన రోజుల్లో, ఇంట్లో ఫోను పలక్కపోతే పక్కింటికి పోయి ఫిర్యాదుల నంబరు 198కి చెప్పేవాళ్లు. మేం ముందు ఎక్స్ఛేంజిలో, బయటి లైన్లన్నీ వచ్చి కలిసే ఎండీఎఫ్ చట్రం దగ్గర లైను విడదీసి చూసేవాళ్లం. తప్పు లోపలా, బయటా? బయటయితే మీటరు పెట్టేవాళ్లం. అర మిల్లీమీటరు రాగి జత పోనూ రానూ కలిపి కిలోమీటరుకి సుమారు 170 ఓములు చూపిస్తుంది. తీగలు రెండూ ఎక్కడో అంటుకుని మీటరు 340 దగ్గర ఆగిందంటే రెండు కిలోమీటర్ల అవతల వెతకాలి. సైకిలెక్కి నేరుగా ఆ చుట్టుపక్కలకే పోయేవాళ్లం. మైపాడు వైపు లైనయితే మీటరు చూడకముందే సగం తెలిసిపోయేది. ఉప్పుగాలికి, ఇళ్లకి లైన్లు పంచే డీపీ పెట్టెలో రాగి పచ్చగా చిలుము పట్టి ఉండేది. 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు మాత్రం మీటరుతో పనే లేదు, పడిపోయిన స్తంభాలు ఎత్తడమే పని.

కనెక్షన్ కోసం జనం ఏళ్ల తరబడి కాచుకున్న సంగతి నాకూ గుర్తుంది, ఎవరూ ఎత్తిపొడవనక్కర్లేదు. వాళ్లు మమ్మల్ని తిట్టిన తిట్లు కూడా గుర్తున్నాయి. నేను చెప్పేది బాగుచేసే పద్ధతి గురించి.

ఇప్పుడు మా ఇంట్లో బీరువా పక్కన ఒక చిన్న కంప్యూటరు రాత్రింబగళ్లు వెలుగుతుంటుంది. సర్వరంట. రొయ్యల గుంటల మీది కెమెరాలు, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరు, అన్నీ దానికే లెక్క చెప్తాయి. హైదరాబాదులో ఉన్న మనవడు అక్కణ్ణుంచే చూసుకుంటాడు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు ఏరియేటర్లు ఆగాయంటే రొయ్య పైకి తేలుతుంది, పంట పోతుంది. ఒకప్పుడు కాపలా మనిషి టార్చి వేసుకుని గట్లన్నీ తిరిగేవాడు.

మొన్నొక రాత్రి నెట్ లైను ఓసారి తెగి మళ్లీ కలిసింది. పొద్దున్నే ఫోను.

"తాతా, సర్వర్ అందడంలా. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యి."

"చెయ్యను."

"ఏంది తాతా!"

"ముందు ఏం జరిగిందో చూడనియ్యి అబ్బయా."

దొంగలు పడ్డ ఇంటిని కడిగి ముగ్గేసి ఆనక పోలీసుల్ని పిలిస్తే వాళ్లేం చూస్తారు? చాలా రౌటర్లలో కరెంటు తీస్తే లోపలి చిట్టా చెరిగిపోతుంది.

ముందు పెట్టె మీది దీపాలు చూశాను. ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎర్రగా మిణుకుతుంటే గాజుతీగలో వెలుగు రావడం లేదని అర్థం, అప్పుడు ఇంట్లో ఏం నొక్కినా దండగే. అది వెలగలేదు. సర్వర్ నుంచి రౌటర్‌కి, అంటే 192.168.1.1కి పింగ్ కొడితే పలికింది. బయట 8.8.8.8కి కొడితే అదీ పలికింది. అంకెలు పలికి పేర్లు పలక్కపోతే డీఎన్‌ఎస్ గొడవ. పేర్లూ పలికాయి. ఇంట్లోంచి బయటికి దారి ఉంది, బయటినుంచి లోపలికే లేదు. ఎండీఎఫ్ దగ్గర మేమడిగే ప్రశ్నే ఇక్కడా తేల్చింది.

రౌటర్ పేజీ తెరిస్తే బయటి అడ్రసు 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు 2012లో నెట్ కంపెనీలు తమ లోపలి వాడకానికని పక్కనపెట్టినవి. పాతరకం ఐపీ అడ్రసుల మూల నిల్వ 2011 ఫిబ్రవరికే పంచడం అయిపోయింది. అందుకని ఎన్నో ఇళ్లను ఒకే బయటి అడ్రసు వెనక సర్దుతారు, దీన్నే సీజీనాట్ అంటారు. రాత్రి లైను తెగి కలిసినప్పుడు మా ఇంటినీ ఆ గుంపులో కలిపేశారు, చెప్పాపెట్టకుండా. సినిమాలు చూసేవాడికి తేడా తెలియదు. బయటినుంచి మా ఇంటికి రావాలనుకున్నవాడికే దారి మూసుకుపోతుంది. రౌటర్‌ని పదిసార్లు ఆఫ్ చేసినా లేచేది ఆ గుంపులోనే. మా కాలపు పీబీఎక్స్‌లోనూ ఒక నంబరు వెనక ఆఫీసంతా ఉండేది, కానీ అక్కడ ఆపరేటరమ్మ ఉండేది. ఫలానా వారు కావాలంటే కలిపేది.

కంపెనీకి ఫోను చేశాను. ఒకటి నొక్కు, మూడు నొక్కు అంతా అయ్యాక ఒకమ్మాయి దొరికింది. "సార్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి." సీజీనాట్ అన్నాను. లైనులో ఉండమని పాట పెట్టింది. సాయంత్రానికి మీ సమస్య పరిష్కారమైందని ఒక మెసేజి, మార్కులెయ్యమని ఇంకొకటి.

మనవడు తెలివిగలవాడే, చెప్పాక పట్టుకున్నాడు. బయట ఒక మిషను అద్దెకు తీసుకుని, మా సర్వరే లోపల్నుంచి దానిదాకా వైర్‌గార్డ్ సొరంగం వేసుకునేట్టు చేశాడు. వాడు ఆ మిషను మీదుగా ఇంట్లోకి వస్తాడు. గుంటలు మళ్లీ కనిపిస్తున్నాయి. మాకంటూ మారని అడ్రసొకటి కావాలంటే మాత్రం కంపెనీ నెలనెలా అదనంగా కట్టమంటోంది. మా రోజుల్లో మీ నంబరుని పేరుతో సహా డైరెక్టరీలో అచ్చేసి మరీ ఊరికే ఇచ్చేవాళ్లం.