ఇచ్చింది ఎవరో ఎస్‌బీఐకే ఎరుక

ఎన్నికల కోడ్ వచ్చిందంటే చాలు, తిరుత్తణి నుంచి నగరి పోయే రోడ్డు మీద పొన్పాడి దగ్గర షామియానా లేస్తుంది. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక రిజిస్టరు, లాఠీ పట్టుకున్న కానిస్టేబులు, ఎండకు నెత్తిన తువ్వాలు కప్పుకున్న వీడియో కుర్రాడు. యాభై వేలకు మించి నగదు చేతిలో ఉంటే కాగితం చూపించాలి. నగరికి నూలు బాకీ కట్టడానికి పోయేవాడు, పెళ్లి బట్టలకు బయల్దేరినవాడు, సంతలో ఎడ్లు అమ్ముకుని వచ్చేవాడు అందరూ బండి దిగి సంచి విప్పాల్సిందే.

"బిల్లేదప్పా?"

"ఎద్దుల దుడ్లు సార్. ఎద్దుకు బిల్లెవురిస్తారు సార్?"

"అమ్మినోడివి నువ్వే కదా. నువ్వే ఇవ్వాల."

"నాకు నేనే బిల్లిచ్చుకునేదా సార్?"

కెమెరా ముందు నోట్లు లెక్కపెడతారు. ఎన్ని కట్టలో, ఏ నోట్లు ఎన్నో రాస్తారు. రైతు చేతికి రసీదు వస్తుంది, డబ్బు ట్రెజరీకి పోతుంది. ఆ డబ్బు తనదేనని నిరూపించుకోవడానికి అతను ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సరిహద్దు తగవు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పుతో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ సరిహద్దు గీతకు అటొకరు, ఇటొకరు వియ్యంకులు ఇప్పటికీ ఉన్నారు. కోడ్ ఉన్నన్నాళ్లూ వాళ్ల మధ్య పెట్టుపోతలకు కూడా లెక్క చెప్పాలి.

ఎద్దుల రైతు మీద జాలితో చట్టాన్ని తిట్టనక్కర్లేదు. 2019లో కాట్పాడి దగ్గర ఒక సిమెంటు గోడౌన్‌లో 11 కోట్లకు పైగా నగదు దొరికింది. ఆ ఏప్రిల్ 16న వేలూరు లోక్‌సభ ఎన్నికే రద్దయింది. డబ్బు పంపకం మూలాన ఒక లోక్‌సభ ఎన్నిక ఆగిపోవడం దేశంలో అదే మొదలు. అంతకు రెండేళ్ల ముందు చెన్నై ఆర్కే నగర్ ఉప ఎన్నికకూ అదే గతి పట్టింది. కాబట్టి కాపలా ఉండాల్సిందే. కాకపోతే ఆ కాపలా అంతా డబ్బు ఓటరు గడప తొక్కే చోటే ఉంది. అదే డబ్బు పార్టీ గడప తొక్కే చోట కాపలా వద్దని ఆరేళ్లపాటు చట్టమే ఉండేది.

దాని పేరు ఎన్నికల బాండ్ల పథకం. 2017 ఫైనాన్స్ చట్టం దారి వేసింది, 2018 జనవరి 2న పథకం నోటిఫై అయింది. వెయ్యి నుంచి కోటి రూపాయల దాకా అయిదు రకాల బాండ్లు. ఒక్క స్టేట్ బ్యాంకులోనే, అందులోనూ ఎంపిక చేసిన 29 శాఖల్లోనే అమ్మకం. కొన్నవాడి పేరు బాండు మీద ఉండదు. పార్టీ 15 రోజుల్లో మార్చుకోవాలి, ఇచ్చింది ఎవరో ఎన్నికల సంఘానికి చెప్పనక్కర్లేదు. కంపెనీలు సగటు లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వరాదన్న పాత పరిమితిని కూడా ఆ చేత్తోనే తీసేశారు. దాంతో పైసా లాభం లేని కంపెనీ సైతం దానకర్ణుడయ్యే వీలు కలిగింది. ఇంత చేసి, ఇదంతా పారదర్శకత కోసమన్నారు. పేరు కనిపించకుండా పోవడమే పారదర్శకతైతే, పొన్పాడి రైతు కూడా తన సంచిని కనిపించకుండా చేసి పారదర్శకంగా పోయి ఉండేవాడు.

డొల్ల కంపెనీలు దూరతాయని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. విదేశీ సొమ్ముకు దారి పడుతుందని ఎన్నికల సంఘం అదే ఏడాది మే నెలలో ఉత్తరం రాసింది. రెండు హెచ్చరికలూ ఫైళ్లలో భద్రంగా ఉండిపోయాయి. 2019లో సుప్రీంకోర్టులో అటార్నీ జనరల్ వేణుగోపాల్ లేచి, పార్టీల డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఓటరు తెలుసుకోవాల్సిన పని లేదన్నారు. ఓటరు దగ్గరున్న డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ప్రభుత్వం తెలుసుకోవాలి. అందుకే షామియానా.

గుప్తదానం మన సంప్రదాయమేగా అని వాదించేవాళ్లూ ఉన్నారు. సంప్రదాయం మాట ఎత్తితే తిరుత్తణి కొండ మీదికే పోవాలి. మురుగన్ హుండీలో వేసేవాడి పేరు ఎవరూ అడగరు, నిజమే. అయితే ఆ హుండీని తెరిచేటప్పుడు దేవాదాయ శాఖ అధికారులుంటారు, లెక్కపెట్టేవాళ్లు బారులు తీరి కూర్చుంటారు, మొత్తం ఎంతో మర్నాడు పేపర్లో వస్తుంది. డాలరు నోటు పడితే అదీ లెక్కలో చేరుతుంది. పైగా హుండీలో వెయ్యి వేసినంత మాత్రాన కొండ మీద రోడ్డు కాంట్రాక్టు రాదు. ఇక పేరు కావాలనుకునే భక్తుడి సంగతి చెప్పనక్కర్లేదు. మన గుళ్లలో ట్యూబ్‌లైటు ఇచ్చినవాడు తన పేరు, నాన్న పేరు, కొట్టు పేరు దాని మీదే రాయిస్తాడు. రాయగా మిగిలిన సందులోంచి వెలుతురు వస్తుంది. ముప్పయ్ రూపాయల వెలుగుకు ఇంత పేరు కోరే దేశంలో, మూడు వందల కోట్లిచ్చినవాడు పేరు వద్దంటే ఎవరికైనా అనుమానం రాదా?

పుచ్చుకున్నవాళ్ల అమాయకత్వం ఇంకా ముచ్చటైంది. 2019 ఏప్రిల్లో పాట్నాలోని తమ కార్యాలయానికి ఎవరో వచ్చి ఒక కవరు ఇచ్చి పోయారనీ, విప్పి చూస్తే కోటేసి రూపాయల బాండ్లు పది ఉన్నాయనీ జేడీయూ ఎన్నికల సంఘానికి రాసిచ్చింది. ఇచ్చినవాడి వివరాలు తెలియవట, తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదట. సమాజ్‌వాదీ పార్టీకి పది కోట్లు పోస్టులో వచ్చాయి, పంపినవారి పేరు లేకుండా. పెళ్లిలో వెయ్యినూటపదహార్లు చదివించిన కవరు మీద పేరు లేకపోతే ఇంటిల్లిపాదీ కూర్చుని చేతిరాత పోల్చి చూసే జాతి మనది. పది కోట్ల కవరు విషయంలో మాత్రం ఎవరికీ కుతూహలం పుట్టలేదు.

అసలు ఆ రహస్యం అందరికీ రహస్యమూ కాదు. ప్రతి బాండు మీదా మామూలు కంటికి కనపడని నంబరు ఒకటుందని 2018లోనే ఒక జర్నలిస్టు బాండ్లు కొని, ల్యాబులో పరీక్ష చేయించి బయటపెట్టారు. అంటే ఎవరు కొన్నారో, ఎవరు మార్చుకున్నారో స్టేట్ బ్యాంకు కలిపి చూడగలదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు పథకాన్ని కొట్టేసి లెక్కలడిగితే, అదే బ్యాంకు జూన్ 30 దాకా గడువు కావాలంది. అప్పటికి ఎన్నికలైపోయి కొత్త ప్రభుత్వం కూడా కొలువుదీరుతుంది. మార్చి 11న కోర్టు కుదరదని కసరడంతో జాబితాలు మర్నాటికే వచ్చాయి. నంబర్లతో సహా మొత్తం మార్చి 21కల్లా బయటపడింది.

జాబితా విప్పితే సరిహద్దుకు ఇటువాళ్లూ అటువాళ్లూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. బాండ్లు కొన్నవాళ్లలో మొదటి స్థానం 1,368 కోట్లతో ఫ్యూచర్ గేమింగ్‌ది. అది కోయంబత్తూరుకు చెందిన లాటరీ వ్యాపారి కంపెనీ. తమిళనాడులో లాటరీ 2003 నుంచే నిషిద్ధం. అక్కడ టికెట్ కొంటే కేసు. టికెట్లమ్మిన డబ్బు మాత్రం 509 కోట్లు డీఎంకేకు చేరింది. ఆ పార్టీకి బాండ్లలో వచ్చిన 656 కోట్లలో అది మూడొంతులకు పైనే. దాతల పేర్లు తనంతట తాను చెప్పిన కొద్ది పార్టీల్లో డీఎంకే ఒకటి, అంత మేరకు మెచ్చుకోవాలి. అన్నాడీఎంకేకు దక్కినవి ఆరు కోట్లు, అందులో ఎక్కువ భాగం చెన్నై సూపర్ కింగ్స్ క్రికెట్ కంపెనీ నుంచి. ఇద్దరు ద్రవిడ దాయాదుల మధ్య ఒకరికి లాటరీ తగిలింది, ఇంకొకరికి సింగిల్ రన్ దక్కింది.

తెలుగువాళ్లు వెనకబడ్డారని బాధపడనక్కర్లేదు. కొనుగోలుదారుల్లో రెండో స్థానం హైదరాబాదు మేఘా ఇంజినీరింగ్‌దే, 966 కోట్లు. అందులో 580 కోట్లకు పైగా బీజేపీకి, 195 కోట్లు బీఆర్‌ఎస్‌కు పోయాయి. మొత్తంగా బీఆర్‌ఎస్ 1,200 కోట్లు దాటింది, వైఎస్సార్‌సీపీ 337 కోట్లు, టీడీపీ 218 కోట్లు పుచ్చుకున్నాయి. 6,000 కోట్లు దాటిన బీజేపీ ముందు ఇవన్నీ చిల్లర లెక్కలే. ఈ పార్టీల నాయకులు అసెంబ్లీలో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. స్టేట్ బ్యాంకు కౌంటర్ దగ్గర మాత్రం క్యూ పాటించారు.

ఇంతవరకూ దేశంలోని డబ్బు కథ. సముద్రం దాటి వచ్చిన డబ్బుది మరో పురాణం.

రాజకీయ పార్టీలు విదేశీ విరాళాలు తీసుకోకూడదని 1976 నుంచీ చట్టముంది. లండన్‌లో లిస్టయిన వేదాంత గ్రూపుకు చెందిన స్టెరిలైట్, సెసా కంపెనీల దగ్గర కాంగ్రెస్, బీజేపీ రెండూ విరాళాలు తీసుకున్నాయి. మన విశాఖలో ఉండే మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ, ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ ఢిల్లీ హైకోర్టుకెక్కారు. రెండు పార్టీలూ చట్టం మీరినట్టేనని, ఆరు నెలల్లో చర్య తీసుకోవాలని 2014 మార్చి 28న తీర్పు వచ్చింది. స్టెరిలైట్ పేరు తమిళనాడులో తెలియనివాళ్లు ఉండరు. 2018 మే 22న తూత్తుకుడిలో ఆ కంపెనీ రాగి ఫ్యాక్టరీ వద్దన్నవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు, 13 మంది చనిపోయారు.

తీర్పు వచ్చాక మామూలు మనిషైతే జరిమానా కడతాడు, లేదా పై కోర్టుకు పోతాడు. పార్టీలు ముందు పై కోర్టుకే పోయాయి. తర్వాత అంతకన్నా సులువైన ఉపాయం దొరికింది. 2016 ఫైనాన్స్ చట్టంలో ఒక సెక్షన్ పెట్టి, విదేశీ పెట్టుబడి అనుమతించిన హద్దులో ఉంటే ఆ కంపెనీ విదేశీదే కాదన్నారు, అదీ 2010 నుంచి వెనక తేదీతో. సుప్రీంకోర్టులో అప్పీళ్లు వెనక్కి తీసుకున్నారు. అప్పుడెవరో గుర్తుచేసినట్టున్నారు: తీర్పులో ఉన్న విరాళాలు 2010కి ముందువి! దాంతో 2018లో సవరణకు సవరణ వచ్చింది. అందులో చేసిన పనల్లా ఒక తేదీ మార్చడం. 2010 సెప్టెంబరు 26 ఉన్న చోట 1976 ఆగస్టు 5 అని వేశారు. ఒక్క గీతతో నలభై రెండేళ్ల పాపం పుణ్యమైపోయింది.

ఆ సవరణ ఉన్న బిల్లు 2018 మార్చి 14న లోక్‌సభలో చర్చ లేకుండా, మూజువాణి ఓటుతో గట్టెక్కింది. చర్చ ఎందుకు లేదంటే సభలో గొడవ. గొడవ ఎవరిదంటే చాలా మట్టుకు మనదే. ఇటు టీడీపీ, వైఎస్సార్‌సీపీ సభ్యులు ప్రత్యేక హోదా కోసం, అటు అన్నాడీఎంకే సభ్యులు కావేరీ బోర్డు కోసం వెల్‌లో నిలబడి అరుస్తున్న రోజులవి. అన్నాడీఎంకే పక్ష నాయకుడైన మరో వేణుగోపాల్ సాక్షాత్తూ అప్పటి తిరువళ్లూరు ఎంపీ. గీతకు అవతల చిత్తూరు ఎంపీ శివప్రసాద్ ఆ సమావేశాల్లో రోజుకో వేషం కట్టి పార్లమెంటుకు వచ్చేవారు. దేశమంతా ఆ వేషాలు చూస్తుంటే, వేషం వేయకుండానే ఒక తేదీ చట్టంలోకి నడిచి వెళ్లింది. కాంగ్రెస్, బీజేపీ ఇద్దరికీ లాభం కనుక అడ్డుపడాల్సినవాడికి అడ్డుపడే అవసరం రాలేదు. హోదా రాలేదు కానీ పార్టీల పాత పాపం మాత్రం కడుక్కుపోయింది.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని సామెత. దొరికాక కూడా దొరగా ఉండే పద్ధతి యూరప్‌వాళ్లకు తెలియక అవస్థ పడ్డారు. జర్మనీలో పదహారేళ్లు ఛాన్సలర్‌గా చేసిన హెల్మట్ కోల్, లెక్కల్లో చూపని విరాళాలు సుమారు 20 లక్షల మార్కులు తీసుకున్నానని 1999 డిసెంబరులో ఒప్పుకున్నాడు. ఇచ్చినవాళ్ల పేర్లు చెప్పనని మాటిచ్చానంటూ, 2017లో చనిపోయేదాకా నోరు విప్పలేదు. పరువు మొత్తం పోయింది. కోల్ పార్టీ హెస్సె రాష్ట్ర శాఖ స్విట్జర్లాండ్‌లో దాచిన నల్లడబ్బును, వలసపోయిన యూదులు వీలునామాల్లో రాసిచ్చిన ఆస్తి అని లెక్కల్లో చూపించింది. లిబియా సొమ్ముతో ఎన్నిక నడపడానికి కుట్ర పన్నిన నేరానికి ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు సర్కోజీకి 2025 సెప్టెంబరులో అయిదేళ్ల శిక్ష పడింది. అప్పీలు చేసుకున్నా, అక్టోబరులో కొన్నాళ్లు జైలు మెట్లెక్కక తప్పలేదు. సూట్‌కేసులు, రహస్య ఖాతాలు, దొంగ వీలునామాలు, ఎంత శ్రమ! ఒక తేదీ మార్చుకుంటే పోయేదిగా.

విదేశీ డబ్బంటే మన ప్రభుత్వానికి పట్టింపే లేదనుకోవడమూ తప్పే. తిరువళ్లూరు జిల్లా ఇటుక బట్టీల్లో పనిచేసే ఇరుళర్ పిల్లలకు రాత్రి బడి నడపాలని ఏ చిన్న సంస్థైనా విదేశీ విరాళం తీసుకోవాలంటే, 2020 సవరణ ప్రకారం ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే ఖాతా తెరవాలి. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. పలకా బలపాలకు వచ్చే పౌండ్లలో దేశభద్రతకు ముప్పుంటుంది. వేదాంత ఎన్నికల బాండ్లకు పెట్టిన 400 కోట్లలో ఏ ముప్పూ కనిపించలేదు.

బాండ్లు పోయాయి, కంపెనీల పరిమితి ఎత్తివేతనూ కోర్టు కొట్టేసింది. విదేశీ విరాళాల సవరణ మీద పిటిషన్‌ను మాత్రం ఆ కేసు నుంచి విడదీసి పక్కన పెట్టారు కనుక, ఆ తీర్పు 1976 ఆగస్టు 5 జోలికి పోలేదు. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013 జూన్ 3న తేల్చినా, ఒక్కటీ పాటించలేదు. తిరుత్తణి మున్సిపాలిటీలో ఏ వీధిలో ఎన్ని దీపాలు మార్చారో, ఎంత ఖర్చయిందో తెలుసుకోవాలంటే పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి అర్జీ పెట్టొచ్చు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. అదే అర్జీ పార్టీ ఆఫీసుకు పట్టుకుపోతే, తీసుకునే అధికారే అక్కడ ఉండడు. కవరులో పది కోట్లు పెట్టుకుని పోతే మాత్రం తీసుకునేవాళ్లు ఉంటారు, పేరు కూడా అడగరు.