గుంతలపై దండయాత్ర

అసలు యుద్ధానికి మన సర్కార్లు ఆ పేరు పెట్టవు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ట్యాంకులు, విమానాలతో నిజాం రాజ్యంలోకి కదిలింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయాడు. దానికి ఢిల్లీ పెట్టిన పేరు 'పోలీసు చర్య'. ఇప్పుడు అదే నేలపై దారిలో గుంత పూడ్చాలన్నా, మోరీ తీయాలన్నా పనులు 'యుద్ధప్రాతిపదికన' సాగాల్సిందే. ఫిరంగి పేలితే పోలీసు చర్య, పార పడితే యుద్ధం!

అలంకారమే కదా, తొందర తెలియాలని వాడితే తప్పేమిటంటారా? తొందర నిజమైతే తప్పు లేదు. కానీ యుద్ధానికి సేనాని ఉంటాడు, ముగింపు ఉంటుంది. 1964లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించాడు. శత్రువు లొంగుబాటు పత్రం ఇంతవరకు అందలేదు. మన గుంతల సమరంలోనూ సేనాని ఎవరో, గడువెప్పుడో సర్కారు ప్రకటన చెప్పదు. చెప్పని గడువు దాటిందని ఎవరిని నిలదీస్తాం? పెద్ద మాటకు ఉన్న పెద్ద సౌకర్యం అదే. అయ్యా, ఆ మాట కొట్టేసి పని పూర్తయ్యే తేదీ, బాధ్యుడైన ఇంజనీరు హోదా రాయండి. యుద్ధవిరమణ మేమే ప్రకటిస్తాం.