ఓడ చవకే, ఒడ్డే ఖరీదు

షష్టిపూర్తి అయిన అమ్మానాన్నలకు ఒకప్పుడు పిల్లలు కాశీకి టికెట్టు కొనిచ్చేవాళ్లు. మా శ్రీకాళహస్తిలో ఈమధ్య అది ఓడ టికెట్టుగా మారింది. పంపేది బెంగళూరు కొడుకో, అమెరికా కూతురో. ఫోన్లోకి టికెట్టు వస్తుంది, దాని వెనకాలే ఒక నవ్వు మొహం బొమ్మ వస్తుంది. మూడు పూటలా భోజనం, గది, మంచం, ఈతకొలను, రాత్రి పాటకచేరీ, అన్నీ ఆ టికెట్లోనే. లేనిదల్లా ఒక్కటే. కాళహస్తి బజారు వీధిలో ఉన్న మనిషి ఆ ఓడ మెట్ల దాకా ఎట్లా చేరాలన్నది అందులో ఉండదు. అది పెద్దవాళ్ల తెలివికి వదిలేస్తారు.

ఓడేమో చెన్నైలో ఎక్కాలి. 2022 జూన్ 4న ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ జెండా ఊపితే కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ అక్కడి నుంచి కదిలింది. పద్దెనిమిది వందల మంది పట్టే ఓడ. విశాఖ చూసి, పుదుచ్చేరి చూసి రావాలని ఏర్పాటు. ఓడలో కాసినో ఉందని గొడవ లేవడంతో పుదుచ్చేరి ఆ ఏడు గుమ్మంలోకి రానివ్వలేదు. మరుసటి ఏడాది జూన్‌లో అదే ఓడ శ్రీలంకకు పోయింది, హంబన్‌తోట, త్రికోణమలై, కాంకేశంతురై తిరిగింది. మన రాష్ట్రానికీ ఓడల స్టేషను లేకపోలేదు. దాదాపు 96 కోట్లు పెట్టి విశాఖలో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబర్ 4న కేంద్రమంత్రి సోనోవాల్ ప్రారంభించారు. కాకపోతే కాళహస్తికి అది ఏడొందల కిలోమీటర్ల దూరం. పక్క రాష్ట్రం వాళ్లది నూటపది, నూట ఇరవై లోపు. అభిమానం విశాఖ మీద ఉండొచ్చు, బాడుగ మాత్రం చెన్నైకే మాట్లాడుకోవాలి.

ఆ బాడుగ మాట్లాడుకోవడం అనేదే అసలు సముద్రం.

మా వీధిలో ఒక పెద్దాయన, రిటైరైన లెక్కల అయ్యవారు, కారు స్టాండు దగ్గర బేరం చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

"హార్బరుకా సార్? రానూపోనూ కట్టాల."

"మేం తిరిగి రావడం లేదబ్బా. మూడు రోజులు ఓడలో ఉంటాం."

"మీరు రాకపోతే ఏం సార్, బండి రావాల గదా."

ఆ తర్కానికి లెక్కల అయ్యవారి దగ్గర జవాబు లేకపోయింది. తర్వాత మిగతావి ఒక్కొక్కటిగా దిగాయి. డ్రైవరు బత్తా. మన బండి వాళ్ల రాష్ట్రంలో చక్రం మోపినందుకు పర్మిట్టు. సూళ్లూరుపేట దగ్గర టోలు, ఆ పైన ఇంకో టోలు. పార్కింగు మీదే. ఏసీ వేస్తే ఒక రేటు, వేయకపోతే చెమట ఉచితం. "కాదంటే మూడు రోజులూ ఆడనే ఉంటాను సార్, రోజుకింతని బత్తా ఇయ్యండి" అని ఆఖరికి ఒక దయగల ప్రతిపాదన కూడా వచ్చింది. అయ్యవారు జేబులోంచి పెన్ను తీసి అగ్గిపెట్టె మీద కూడి చూశారు. గేటు బయట డ్రైవరు చేయబోయే విహారయాత్ర, గేటు లోపల తాము చేయబోయే విహారయాత్రకు ఖర్చులో ఏమాత్రం తీసిపోవడం లేదు.

డ్రైవరును తప్పుపట్టలేం. అతను దూరాన్ని చూసి రేటు చెప్పడు, సూట్‌కేసును చూసి చెబుతాడు. అదే మనిషి గోనెసంచి భుజాన వేసుకుని కోయంబేడు కాయగూరల మార్కెట్టుకు పోతానంటే ఇంకో ధర. సంచికి చక్రాలుంటే రేటు పరిగెత్తుతుంది.

చవక దారి లేదా అంటే ఉంది. దాన్ని కనిపెట్టింది అయ్యవారు కాదు, అయ్యవారమ్మ. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీలో ఆడవాళ్లకు స్త్రీశక్తి ఉంది, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. అయితే అది రాష్ట్రం దాటే బస్సుకు చెల్లదు. చెన్నై బోర్డున్న బస్సు ఎక్కితే కాళహస్తి స్టాండులోనే కండక్టరు డబ్బులడుగుతాడు. అందుకని ఆమె చెన్నై బోర్డు వైపే చూడలేదు. నాయుడుపేట బస్సెక్కింది, అక్కడ మారి సూళ్లూరుపేట బస్సెక్కింది. సున్నా, సున్నా. సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ రైలుంది. రెండు గంటల పైచిలుకు ప్రయాణం, టికెట్టు ముప్ఫై రూపాయలు దాటదు. సెంట్రల్ పక్కన దిగి, రోడ్డు కింద సొరంగంలో నడిచి పార్క్ స్టేషనుకు పోతే ఐదు రూపాయలకు బీచ్ స్టేషను. అది కూడా వద్దనుకుంటే తమిళనాడులో 2021 నుంచే మామూలు టౌను బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఏ లెక్కన చూసినా కాళహస్తి నుంచి హార్బరు గోడ దాకా ఆమెకు అయ్యేది ముప్ఫయ్యో, ముప్ఫై అయిదో. ఆయనకు అంతకు కొన్ని రెట్లు. మగపుట్టుక ఎంత ఖరీదైనదో ఆయనకు అరవై దాటాక తెలిసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక లోకల్ రైలు. సూళ్లూరుపేట, తడ దాటేసరికి పులికాట్ సరుకు ఎక్కుతుంది. రొయ్యల గంప, దాని మీద తడిగుడ్డ, గంప ఎక్కడ పెట్టాలో తెలిసిన అమ్మ, ఎక్కడ పెట్టకూడదో చెప్పలేని మనం. ఆ గంపకు ఆసరాగా నిలబడింది అయ్యవారి కొత్త సూట్‌కేసు. గుమ్మిడిపూండి వచ్చేసరికి నీళ్లు ఒక చుక్క, ఒక చుక్కగా జిప్పు వెంట లోపలికి ప్రయాణం కట్టాయి. ఓడలో రాత్రి విందుకు వేసుకోమని కూతురు పంపిన కోటు సరిగ్గా ఆ అరలోనే ఉంది. హార్బరులో సామాను స్కానర్లో పెడతారు గదా అని అయ్యవారమ్మ భయపడింది. ఆ యంత్రానికి కళ్లే గాని ముక్కు ఉండదని ఆయన ధైర్యం చెప్పారు. పట్టుబడింది రొయ్యల వాసన కాదు, నిప్పట్లు. బయటి తిండి ఓడలోకి కూడదట. రెండు కిలోల నిప్పట్లు గేటు పక్కన కూర్చుని ఎంతని తింటారు?

ఈ దారిలో అసలు తిరకాసు ఇంకోటుంది. ఓడ కదిలేది ఎప్పుడో, కౌంటరు మూసేది అంతకు గంటల ముందు. బస్సు తప్పితే అరగంటకు ఇంకోటి వస్తుంది. ఓడ తప్పితే మొత్తం టికెట్టు నీళ్లలో, మనం ఒడ్డున. నాయుడుపేటలో బస్సు ఆలస్యమైతే? లోకల్ పొన్నేరిలో ఆగి ఎక్స్‌ప్రెస్‌కు దారిస్తే? ఈ భయంతో చాలామంది ముందురోజే చెన్నై చేరి లాడ్జిలో దిగుతారు. ముప్ఫై అయిదు రూపాయల దారికి లాడ్జి అద్దె కలిపితే కారు బాడుగే నయమనిపిస్తుంది. చవక దారి అనేది తీరిక ఉన్నవాడికే చవక. రేవు దగ్గర అమ్మేది ప్రయాణం కాదు, ఓడ తప్పిపోతుందన్న భయం. దానికి మీటరు ఉండదు.

మీటరంటే గుర్తొచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 2013లో ఆటో రేట్లు ఖాయం చేసింది, మొదటి 1.8 కిలోమీటర్లకు 25 రూపాయలు, ఆ పైన కిలోమీటరుకు 12. సెంట్రల్ నుంచి హార్బరు మూడు కిలోమీటర్లనుకున్నా నలభై రూపాయలు. ధరలు పెరిగాయి, రెట్టింపు చేద్దాం, ఎనభై. చేతిలో ఓడ టికెట్టు ఉన్నవాడికి సెంట్రల్ బయట వినిపించే ధర మూడొందలు. అంటే కిలోమీటరుకు వంద. ఇప్పుడు ఒకసారి వెనక్కి, ఆ లోకల్ రైలెక్కిన సూళ్లూరుపేటకు రండి. దాని పక్కనున్న శ్రీహరికోట నుంచే 2013 నవంబర్ 5న మంగళయాన్ ఎగిరింది. ఖర్చు 450 కోట్లు, దూరం 65 కోట్ల కిలోమీటర్లు. కిలోమీటరుకు ఏడు రూపాయలు పడిందని, అహ్మదాబాదులో ఆటోకు పది అవుతుందని ప్రధాని మోదీ అమెరికాలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. అహ్మదాబాదుతో పోల్చారు గనుక ఏడూ పదీ అని పక్కపక్కన నిలబడగలిగాయి. సెంట్రల్ ఆటోతో పోల్చి ఉంటే అంగారకుడి మీదికి షేర్ బండ్లు నడపమని పార్లమెంటులో డిమాండు వచ్చేది.

అయినా ఇది నేటి జబ్బు కాదు. మద్రాసుకు రెండొందల ఏళ్లకు పైగా రేవే లేదు. ఓడ దూరంగా లంగరు వేసుకునేది. ఒడ్డుకూ ఓడకూ మధ్య అలల మీద మసూలా పడవలు నడిచేవి, మేకు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టిన పలకల పడవలు. ఇంగ్లండు నుంచి నెలల తరబడి సముద్రం దాటి వచ్చిన దొరకు ఆ చివరి ఫర్లాంగులోనే చుక్కలు కనపడేవి. అల నడినెత్తి మీద ఉండగా తెడ్లాపి, బక్షీసు సంగతి ఇక్కడే తేల్చమనేవాళ్లని దొరలు తమ రాతల్లో మొత్తుకున్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మన సామెత. మల్లయ్య కూడా లోకం తెలిసినవాడే, అందుకే నడి ఏట్లోనే వసూలు చేసుకున్నాడు. 1861లో ఇనుప వంతెన లాంటి పియర్ కట్టారు, 1876లో రేవు పని మొదలెట్టారు, 1881 నవంబర్ తుఫాను వచ్చి కట్టినదాన్ని కూల్చింది. మళ్లీ కట్టారు. పడవ పోయి జట్కా వచ్చింది, జట్కా పోయి ఆటో వచ్చింది, నడిమధ్యలో తెడ్లాపే విద్య మాత్రం చేతులు మారుతూ భద్రంగా ఉంది.

పైసా ఖర్చు లేకుండా మనవాళ్లు మద్రాసులో ఓడెక్కిన రోజులూ ఉన్నాయి. 1860 అక్టోబర్‌లో ట్రూరో అనే ఓడ 342 మందితో మద్రాసు నుంచి బయలుదేరి నవంబర్ 16న డర్బన్ చేరింది. అక్కడి చెరకు తోటల కూలికి పోయిన మొదటి ఓడ అది. ఆ తర్వాత పోయిన ఓడల పట్టీల్లో ఉత్తర ఆర్కాటు జిల్లా పేరు పదేపదే కనిపిస్తుంది. చిత్తూరు ఆ జిల్లా ముఖ్య పట్టణమే అప్పట్లో. ఊరికొచ్చి మాట్లాడి తీసుకుపోయే మనిషి ఉండేవాడు, మద్రాసు డిపోలో తిండి, ఓడలో తిండి, అంతా వాళ్లదే. తిరుగు టికెట్టు కూడా ఉచితమే, పదేళ్ల తర్వాత. అన్నీ కలిపిన ప్యాకేజీ అంటే నాకు కాస్త అనుమానం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

సరే, వచ్చేవాళ్ల సంగతి చూద్దాం. ఓడల కంపెనీల భూగోళం వేరు. వాళ్ల పుస్తకంలో "లండన్" అని ఉంటే దిగేది సౌతాంప్టన్‌లో, నగరానికి నూట పాతిక కిలోమీటర్ల అవతల. "పారిస్" అంటే లె హావ్ర్, రెండొందలు. "బ్యాంకాక్" అంటే లేమ్ చబాంగ్. "రోమ్" అంటే చివితవెక్కియా, అక్కడ మామూలు ప్యాసింజర్ రైలు కొద్ది యూరోలకే నగరానికి చేరుస్తుంది, ఓడవాళ్లు మాట్లాడిన బస్సుకైతే దానికి ఎన్నింతలో అవుతుంది, అయినా జనం బస్సే ఎక్కుతారు. ఓడ మనల్ని వదిలేసి పోదన్న హామీ ఆ ధరలో కలిసి ఉంటుంది గనుక. ఈ కొలతతో చూస్తే చెన్నై హార్బరుకు "శ్రీకాళహస్తి" అని బోర్డు పెట్టడానికి ఏ అడ్డూ లేదు. పారిస్ కంటే మనం నిజాయితీగా దగ్గరున్నాం. వేసవిలో మా స్వర్ణముఖి ఏట్లో నీళ్లు లేవంటారా, ఓడలు ఎట్లాగూ చెన్నైలోనే ఆగుతాయి.

అట్లా బోర్డు పడితే ఉదయం ఓడ దిగినవాళ్లు మూడు గంటల్లో ఇక్కడుంటారు. మాకు వాళ్ల పద్ధతులు కొత్తేమీ కాదు. ఓడలో కిటికీ లేని గది, కిటికీ ఉన్న గది, బాల్కనీ గది, ఆపైన సూట్ అని మెట్లుంటాయి. మా రాహుకేతు పూజకూ ఐదొందల నుంచి ఐదు వేల దాకా మెట్లున్నాయి. తక్కువ టికెట్టు వాళ్లు బయటి మండపంలో వరసగా, ఎక్కువ పెట్టినవాళ్లు గుడి లోపల దేవుడికి దగ్గరగా. ఓడవాడికి వివరించాల్సిన పనే ఉండదు, చూడగానే తన గది ఏదో గుర్తుపడతాడు.

ఒక్కచోటే చిక్కు. ఈ పూజ చేయించుకున్నవాళ్లు ఇంకో గుడికి గాని, ఇంకొకరి ఇంటికి గాని పోకుండా నేరుగా సొంతింటికి పోవాలని ఇక్కడి నమ్మిక. మరి ఓడ నుంచి వచ్చినవాడు తిరిగి ఓడెక్కి లంకకు పోతే ఆ దోషం దిగినట్టా, దిగనట్టా? సన్నిధి వీధి టీ అంగడిలో దీని మీద వారం రోజులుగా తర్కం నడుస్తోంది. అద్దె కట్టాడు గనుక గది ఇల్లే అవుతుందని ఒకాయన. ఇల్లు కదలకూడదని ఇంకొకాయన. బాల్కనీ ఉంటే ఇల్లుకింద లెక్క, కిటికీ లేనిది లాడ్జికింద లెక్క అని మూడో ఆయన రాజీ కుదిర్చాడు. మూలన బెంచీ మీద కూర్చుని అంతా విన్న కారు డ్రైవరు గ్లాసు కింద పెట్టి, "ఇల్లో ఓడో మీరు తేల్చుకోండి సామీ, ఆ మనిషిని హార్బరుకు దింపినాక బండి మాత్రం ఖాళీగా రావాల్సిందే, రానూపోనూ చెప్పి పెట్టండి" అన్నాడు.