జైల్లో అందరూ పద్ధతిగానే పోతున్నారు

మన జైళ్ళలో ఖైదీలు చాలా పద్ధతిగా చనిపోతున్నారు. బయటి జనం రోడ్డు ప్రమాదమని, కల్తీ మందని, ఆస్పత్రిలో బెడ్ దొరకలేదని నానా రకాలుగా పోతుంటే, లోపలివాళ్ళు మాత్రం పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది సహజంగా కన్నుమూస్తున్నారు. ఇది నా మాట కాదు, జాతీయ నేర రికార్డుల బ్యూరో మాట. 2022లో దేశం మొత్తం మీద జైళ్ళలో 1,995 మంది పోగా, 1,773 మందిది సహజ మరణమేనని ఆ ఏటి నివేదిక తేల్చేసింది. అసహజంగా పోయినవాళ్ళు 159 మంది, అందులో 119 ఆత్మహత్యలు. మిగిలిన 63 మంది ఎందుకు పోయారో పుస్తకం బయటికొచ్చే నాటికీ తెలియలేదు. పోనీలెండి, పోయారన్న సంగతైనా తెలిసింది.

ఈ పుస్తకాన్ని కాకిలెక్క అనడానికి నోరు రాదు. 1995 నుంచి ఏటా జైళ్ళ లెక్కలు దేశానికి అప్పజెబుతూనే ఉంది. డిసెంబరు 31న ఎంతమంది లోపలున్నారు, వాళ్ళలో చదువుకున్నవాళ్ళెందరు, ఏ మతం, ఏ కులం, ఏ వయసు, అన్నీ ఉంటాయి. 2022 చివరిరోజున 4,36,266 మంది పట్టే జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారని కూడా అదే చెప్పింది. వాళ్ళలో నూటికి 75 మందికి పైగా నేరం ఇంకా రుజువు కాని రిమాండు ఖైదీలని కూడా దాపరికం లేకుండా చెప్పింది.

ఆరోగ్యం దగ్గరికొచ్చేసరికి మరీ ముచ్చటేస్తుంది. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు, క్షయ, కేన్సర్... ప్రాణం ఏ అవయవం దగ్గర పోయిందో వర్గీకరించి పెడతారు. గుండె ఆగింది, సరే. ఆగేముందు ఆ మనిషి నొప్పి నొప్పి అని ఎన్నాళ్ళు మొత్తుకున్నాడు? ఆ గడి లేదు. డాక్టరు ఎప్పుడొచ్చాడు? ఆ గడీ లేదు. వైద్యం కోసం ఖైదీల్ని ఎన్నిసార్లు బయటికి తీసుకెళ్ళారో లెక్క ఉంది. తీసుకెళ్ళాల్సి ఉండీ ఎన్నిసార్లు తీసుకెళ్ళలేదో లెక్క లేదు.

తీసుకెళ్ళకపోవడమంటే ఎలా ఉంటుందో జైలు మొహం చూసినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఛాతీలో నొప్పని బారక్‌లోంచి కేకేస్తే ముందు వార్డరు వస్తాడు. రాత్రయితే గ్యాసు గోళీ ఇచ్చి, పొద్దున డాక్టరుగారొచ్చాక చూద్దామంటాడు. పొద్దున డాక్టరుగారు పెద్దాస్పత్రికి రాస్తారు. రాసిన కాగితం కదలాలంటే ఎస్కార్ట్ కావాలి, ఎస్కార్ట్ ఏఆర్ పోలీసులివ్వాలి. ఏఆర్ వాళ్ళు ఆవేళ మంత్రిగారి పర్యటన బందోబస్తులో ఉంటారు. మర్నాడు ఆదివారం, ఓపీ ఉండదు. సోమవారం ఎస్కార్ట్ వస్తుంది, బండికి డ్రైవరుండడు. ఇంత తతంగం జరిగాక రోగి పోతే పట్టికలో ఏం పడుతుంది? 'సహజ మరణం, గుండె జబ్బు'. ఎస్కార్ట్ రానందువల్ల పోయినవాళ్ళకి ప్రత్యేకంగా ఒక వరస పెడితే పుస్తకం లావైపోతుందని భయం కాబోలు.

సుప్రీంకోర్టుకీ ఈ సందేహమే వచ్చింది. 1,382 జైళ్ళలోని అమానవీయ పరిస్థితుల మీద 2017 సెప్టెంబరులో తీర్పిస్తూ జస్టిస్ మదన్ లోకూర్ బెంచ్ సూటిగానే అడిగింది: సమయానికి వైద్యం అందక ఖైదీ చనిపోతే అది సహజమా, అసహజమా? తేడా ఏమిటో బ్యూరో చేత వివరణ ఇప్పించమని కేంద్ర హోంశాఖను ఆదేశించింది. అయిదేళ్ళ తర్వాతి లెక్కలూ అవే రెండు శీర్షికల కింద అచ్చయ్యాయి. నిమ్మకు నీరెత్తినట్టుండటం ఎలాగో నేర్చుకోవాలంటే మన గణాంక శాఖల దగ్గరే నేర్చుకోవాలి.

అధికారులకు సిద్ధంగా ఓ జవాబుంటుంది. జైళ్ళు రాష్ట్రాల పరిధిలోవి, రాష్ట్రాలు పంపిందే మేం కూడి వేస్తాం, ఖైదీ ఖైదీకీ వైద్య వివరాలు సేకరించడం ఆచరణలో కుదరదు అంటారు. డాక్టర్లు చాలరంటే మాత్రం నమ్ముతాను. 2016 నమూనా జైలు మాన్యువల్ ప్రకారం 300 మంది ఖైదీలకొక డాక్టరుండాలి. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం దేశంలో 775 మందికి ఒక్కరున్నారు. మానసిక వైద్యులు, సైకాలజిస్టులు కలిపి దేశం మొత్తానికి పాతికమంది. అంటే తలకి దాదాపు 23 వేల తలలు. ఆ 119 ఆత్మహత్యల్ని మళ్ళీ ఒకసారి చూడండి.

కానీ వివరాలు సేకరించడం కుదరదంటే మాత్రం ఒప్పుకోను. 2023లో చంద్రబాబునాయుడుగారు రాజమండ్రి సెంట్రల్ జైలనే శ్రీకృష్ణ జన్మస్థానంలో ఉన్న యాభై రోజులూ మనం చూడలేదూ? ఆయన అయిదు కిలోలు తగ్గారని కుటుంబం, లేదు లేదు ఒక కిలో పెరిగారని జైలు అధికారులు. హెల్త్ బులెటిన్లు, చర్మం దద్దుర్లు, కోర్టు దాకా వెళ్ళిన ఏసీ, చివరికి కంటి ఆపరేషన్ కోసం మధ్యంతర బెయిలు. డెబ్బయి మూడేళ్ళ మనిషికి అంత శ్రద్ధ చూపడం తప్పని నేననను. తప్పేమిటంటే, ఒక ఖైదీ బరువు కిలోలతో సహా రాష్ట్రానికి చెప్పగలిగిన అదే జైళ్ళ శాఖకు, పక్క బారక్‌లోవాడి గుండెనొప్పి ఏ తారీఖున మొదలైందో చెప్పడం అసాధ్యమైన పనైపోతుంది.

అసలు సంగతి ఇంకొకటుంది. ఆ వివరాలు కొత్తగా సేకరించనక్కర్లేదు. తెల్లదొరలు చేసిన 1894 జైళ్ళ చట్టంలో 15వ సెక్షన్ చూడండి. ఖైదీ చనిపోతే మెడికల్ ఆఫీసరు వెంటనే రిజిస్టరులో రాయాల్సినవి అందులో వరసగా ఉన్నాయి. జబ్బని మొదట ఏ రోజు చెప్పాడు, ఆ రోజు ఏ పనిలో పెట్టారు, ఎంత తిండి పెట్టారు, ఆస్పత్రిలో ఎప్పుడు చేర్చారు, జబ్బు సంగతి డాక్టరుకి మొదట ఎప్పుడు తెలిసింది, జబ్బేమిటి, బతికుండగా డాక్టరు ఆఖరిసారి ఎప్పుడు చూశాడు, ఎప్పుడు పోయాడు, పోస్టుమార్టం చేస్తే ఏం కనబడింది. మొత్తం తొమ్మిది. విక్టోరియా రాణి కాలంలో గుమాస్తా కలంతో రాయగలిగిన ఈ తొమ్మిదింటిలోంచి డిజిటల్ ఇండియా ఏరి కోరి దేశానికి చూపిస్తున్నది ఆరోదాన్నే. జబ్బు పేరు. అదొక్కటే ఎవరి మెడకూ చుట్టుకోదు మరి.

పాండు నరోటే అని గడ్చిరోలి ఆదివాసీ యువకుడుండేవాడు. మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ పెట్టిన ప్రొఫెసర్ సాయిబాబా కేసులో యావజ్జీవ శిక్షపడి నాగ్‌పూర్ జైల్లో ఉంటూ 2022 ఆగస్టులో స్వైన్ ఫ్లూతో పోయాడు. సమయానికి వైద్యం అందలేదని లాయర్లు ఆరోపించారు. ఆ మరణం 'జబ్బు' గడిలోకే వెళ్ళి ఉంటుంది. జబ్బని ఏ రోజు చెప్పాడో, ఆస్పత్రికి ఏ రోజు తీసుకెళ్ళారో పక్కపక్కన అచ్చేసి ఉంటే ఆరోపణ నిజమో అబద్ధమో ఒక్క చూపులో తేలిపోయేది. జైలు తప్పు లేకపోతే జైలుకే మంచిది కదా! నరోటే పోయిన రెండు నెలల్లోపే బొంబాయి హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి మళ్ళీ వినమంటే, 2024 మార్చి 5న మళ్ళీ నిర్దోషులేనంది. సాయిబాబా మన అమలాపురం మనిషి, నూటికి తొంభై పాళ్ళ వైకల్యంతో చక్రాల కుర్చీలో ఏళ్ళ తరబడి అదే జైల్లో గడిపి బయటికొచ్చాడు. అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో పిత్తాశయం ఆపరేషన్ తర్వాత కన్నుమూశాడు. జైలు గేటు దాటాక పోయాడు కాబట్టి ఆ పట్టికలో సహజంగానూ లేడు, అసహజంగానూ లేడు.

బ్యూరో పెద్దలకూ, మన రెండు రాష్ట్రాల జైళ్ళ శాఖలకూ ఒక్కటే మనవి. కొత్త కమిటీ వద్దు, కొత్త యాప్ వద్దు, కన్సల్టెంటూ వద్దు. రిజిస్టరులో తొమ్మిది గడులున్నాయి, తొమ్మిదీ అచ్చు వేయండి. ఏది సహజమో చదివేవాళ్ళం మేం తేల్చుకుంటాం.