తాటివనములలో ద్విచక్రయానము

ఫ్రాన్సు దేశమున బర్గండి యను సీమయందు, బోన్ పట్టణము మొదలు శాంతనే గ్రామము దనుక, ద్రాక్షతోటల నడుమగా, మోటారు బండ్ల బెడద లేకుండ సైకిళ్లవారు పోవుటకై యొక సన్నని బాట యున్నది. ఆ దేశమున నుద్యోగము చేయుచున్న మా మేనల్లుడు ఒక యాదివారమునాడు ఆ బాట పట్టి, మిట్టల నెక్కి, పల్లములకు దిగి, ఊరూర నాగి ద్రాక్షాసవమును చవిచూచి, ఆ వైభవమంతయు నాకు ఫోనులో సవిస్తరముగ వర్ణించి, తుదకు "మన వరంగల్ల ఇట్లాంటివి ఏడున్నయి మామా!" అని యొక దీర్ఘనిశ్వాసము విడిచెను. విదేశములనుండి స్వగ్రామమును గూర్చి విడువబడు నిట్టూర్పులకు సమాధానము చెప్పవలసిన బాధ్యత ఇంటనున్నవారిపై లేదు. అయినను కల్లుసీమలో పుట్టి, కల్లుసీమలో పెరిగి, తాటిచెట్టు నీడనే (దానికి నీడ యంతగా లేకున్నను) బ్రతుకు వెళ్లబుచ్చుచున్న నాబోటివాడు ఊరకుండుట యెట్లు?

ఇట్టి యాత్రకు వలయునవి కొండలు, జనసంచారము లేని బాట, ఆ నేలయందే యూరెడి పానీయము. కొండలకు మాకు కొదువ లేదు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట, మడికొండలో మెట్టుగుట్ట, రేగొండ దాపున పాండవుల గుట్టలు ఉండనే యున్నవి. ఇవి ఆల్ప్సు పర్వతములంతటివి కావని ఒప్పుకొందును గాని, ఏబది దాటిన మోకాళ్లకు ఆ రెంటికిని గల తారతమ్యము తెలియదు. కొండలెక్కుట కిష్టము లేనివారికి శ్రీరాంసాగరమునుండి దిగివచ్చు కాకతీయ కాలువ కలదు. నీరు మిట్ట నెక్కజాలదు గనుక కాలువ గుట్టలను మర్యాదగా చుట్టివచ్చును, దాని కట్టమీద సైకిలు త్రొక్కువాడు ఇంజనీర్లు పడిన శ్రమఫలమును చల్లగా అనుభవించును.

నాకు మాత్రము ప్రియమైనది రామప్ప దారి. ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు దాటువరకు అది జాతీయ రహదారి. గోదావరి యిసుకను మోసికొనివచ్చు లారీలు ఆ దారిని తమ పిత్రార్జితముగా భావించును గావున, సైకిలువాడు మట్టి యంచునుండి తారుమీదికి చక్రము మోపుటకు ముందు ఇష్టదేవతను తలచుకొనుట మంచిది. ఇక రెండేండ్ల కొకమారు మాఘమున మేడారము జాతర వచ్చినప్పుడు ఆ దిక్కునకు తొంగిచూడనే రాదు. లోకమంతయు ఆ దారినే పోవుచుండును, ఒక్కరును కదలకుందురు. కాని జంగాలపల్లి కడ రహదారిని వదలి వెంకటాపురము వైపు తిరిగితిమా, ఎవరో తలుపు మూసినట్లు ఆ రొద యంతయు వెనుకబడిపోవును. సైకిలు గొలుసు కదలిక మన చెవికి మనకే వినబడును. పొలము గట్లమీద తాళ్లు వరుస తీరి నిలిచియుండును. వాని తలలయందు నల్లని లొట్టులు, ఆ లొట్టుల మూతులచుట్టు ఈగలు, ఉడుతలు, అప్పుడప్పుడొక గోరువంక. ఊరివారికంటె ముందుగా ఆనాటి సరకు నాణ్యమును పరీక్షించు అధికారులు వీరు.

ఇక పానీయము సంగతి. బర్గండి ద్రాక్షారసమునకును మా కల్లునకును గల భేదమంతయు కాలమునందే యున్నది. అక్కడి మద్యము పీపాలలో, సీసాలలో, నేలమాళిగల చీకటిలో ఏండ్ల తరబడి రసికుని రాకకై ఎదురుచూచుచుండును. ఆ సీసాపై సంవత్సరము చదివి రసికుడు కనుబొమలెత్తును. మా కల్లునకు సంవత్సరముతో పనిలేదు, గంటతోనే పని. గెల కొనను గీత కత్తితో పలుచగా చెక్కగా, బొట్టుబొట్టుగా లొట్టిలో పడిన రసము పడిన క్షణమునుండియే, గాలిలోను లొట్టిలోను ఉండెడి సూక్ష్మజీవుల పుణ్యమా యని పులియ నారంభించును. తెల్లవారుజామున అది తేనె, పొద్దెక్కువేళకు కల్లు, మాపటికి వీరరసము, మరునాటికి పచ్చడిలో వేయదగిన పులుసు. పులియనీయకుండ లొట్టిలోపల సున్నము పూసి దించినది నీరా. దానిని త్రాగువారు ఆరోగ్యవంతులు, వారితో మన కిప్పుడు పనిలేదు. కావున అక్కడ మద్యము మనుష్యునికై వేచియుండగా, ఇక్కడ మనుష్యుడే మద్యము వేళకు చెట్టు మొదట హాజరు కావలెను. కారులో వచ్చువాడు చెట్టును దాటిపోయిన పిదప చూచును, నడచి వచ్చువాడు చేరునప్పటికి సరకు ముదిరియుండును. ఇట్టి కాలనియమమునకు సరిపడు వాహనము సైకి లొక్కటే యని నేను పక్షపాతము లేకుండ నిర్ణయించితిని.

త్రాగు పద్ధతియు వేరు. అక్కడ పెద్దమనుష్యులు గాజుపాత్రను గిరగిర త్రిప్పి, ముక్కు దూర్చి వాసన చూచి, ఒక గుక్క పుక్కిలించి, ప్రక్కనున్న పాత్రలో నుమియుదురట. మా వెంకటాపురము దారిలో ఎవడైనను అట్లుమిసినచో కల్లు గీసెడి గౌడన్న రెండవమారు లొట్టి వంచడు. మరియు వాడేదో రోగముతో వచ్చినాడని ఊరిలో చెప్పును. ఇక్కడ తాటాకు రేకను దోసిటిలో పట్టుకొని గొంతుక్కూర్చున్నవాడే రసికుడు. పైనుండి ధార పడుచుండును, ఈ కొసనుండి నోటిలోనికి జారుచుండును. ఆపు మనుటకు నోరు ఖాళీ యుండదు గనుక పరిమాణము నిర్ణయించువాడు పోసెడివాడే గాని త్రాగెడివాడు కాడు. నంజుకొనుటకు గుడాలు, ఉల్లిపాయ.

ఆ ధార పోసెడి గౌడన్న ముందు నేను ఎక్కివచ్చిన మిట్టలను గూర్చి మాటాడుటకు నాకు నోరాడదు. మోకు నడుమునకు తగిలించి, ముస్తాదు కట్టి, కాటమయ్యకు మ్రొక్కి, అరువది డెబ్బది అడుగుల నిలువు మ్రానును ప్రొద్దున నొకసారి, మాపు నొకసారి, ఒక్క చెట్టు కాదు, వరుసగా తనకు వంతు వచ్చిన చెట్లన్నిటిని ఎక్కి దిగువానికి, మన తారుబాట వాలు ఏమి వాలు! ఇంతకును జారిపడిన గౌడన్నల సంగతి నవ్వులాటకు తగినది కాదు. ప్రభుత్వమువారు 2024లో కాటమయ్య రక్ష యను పేర రక్షణ పరికరముల నీయ నారంభించిరి, మంచిదే. పట్టు తెలిసిన గౌడ కులమువారి సాహసమునకు చరిత్రయు సాక్షి: జనగామ వైపు ఖిలాషాపురమున కోట కట్టుకొనిన సర్వాయి పాపన్న, 1708లో మా వరంగల్లు కోటపై బడి పట్టణమును కొల్లగొట్టెను. తాడెక్కినవానికి కోటగోడ లెక్కలోనిదా?

దారి చివర పాలంపేట. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో ప్రపంచవారసత్వ గౌరవము దక్కెను. దాని శిఖరపు టిటుకలు నీటిపై తేలునంత తేలికవని పండితులు చెప్పుదురు. రెండు రేకలు ముగించి వచ్చిన యాత్రికునికి ఈ సంగతిని రుజువు చేయుటకు నీళ్లతో పనిలేదు. ఇటుకలేమి, మదనికలు, నంది, తానును గూడ తేలుచున్నట్లే యుండును.

ఆ దారిలోనే ఒకనాడు, మా మేనల్లుడు ముచ్చటపడి కొనిపెట్టిన సైకిలును చిన్న గేరులో వేసికొని, నెత్తిన గట్టిటోపీ, కండ్లకు రంగుటద్దములు, ఒంటిని కరచుకొనిన విదేశీ దుస్తులు గలవాడనై యొక మిట్టపై రొప్పుచుండగా, వెనుకనుండి గంట వినబడెను. లుంగీ ఎగగట్టిన యొక గౌడన్న, తన పాత అట్లాస్ సైకిలుకు ముందిరువైపుల రెండు, వెనుక రెండు నిండు లొట్టులను తాళ్లతో బిగించి, నోట బీడీతో, చుక్క తొణకకుండ నన్ను దాటిపోయి, మిట్టమీద వేపచెట్టు క్రింద దిగి నాకై ఆగెను. నేను చేరి ఊపిరి కూడదీసికొనువరకు మర్యాదగా వేచి, నా వాహనము చుట్టును రెండుమార్లు తిరిగెను.

"ఎన్ని గేర్లు సారూ?"

"ఇరువయ్యొకటి గౌడన్నా."

"స్టాండు?"

"లేదు."

"మడ్‌గాడులు?"

"ఈ రకానికి ఉండవట."

అతడు వెనుక చక్రముపైని శూన్యమును చేతితో తడవి, నిజమైన దుఃఖముతో నావైపు చూచి, "క్యారేజి గుడ లేకపాయె! మరి లొట్టి ఏడ కడతరు సారూ?" అనెను.